జరగని ఘటనకు చెల్లింపు లేదు

శుభంకరి ఆరోగ్య బీమా సంస్థ వారి కాకినాడ ప్రాంతీయ కార్యాలయంలో మనుషులుండరు, సీట్లుంటాయి. ఎముకల సీటు కిటికీ పక్కన ఉంటుంది. గుండె జబ్బుల సీటు మెట్లెక్కగానే ఎదురవుతుంది. మరణాల సీటుకి ఆఫీసులో అన్నిటికన్నా మంచి ఫ్యాను దొరికింది. స్త్రీల క్లెయిముల సీటు బాత్రూము తలుపుకి ఎదురుగా ఉంటుంది. అందులో కూర్చునే ఆవిడ పేరు వీరవేణి. అయినా ప్యూను దగ్గర్నుంచి పైవాళ్ల దాకా అందరూ ఆవిడని "స్త్రీల సీటు" అనే పిలుస్తారు.

ఏ విషయం మీద కాగితం వచ్చినా ఆ విషయం చూసే సీటుకే వెళ్లాలి. అది ఎవరి కాగితమన్నది అనవసరం. ఆ మధ్య ఎముకల సీటు గుమస్తా స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, తన క్లెయిము తనే పరిశీలించి, ఎక్స్‌రే స్పష్టంగా లేదని తనకు తనే అభ్యంతరం తెలిపి, కుంటుకుంటూ వెళ్లి ఇంకోటి తీయించుకొచ్చాడు. ప్రాంతీయ మేనేజరు సదాశివం గారు ఆ ఫైలు చూసి కళ్లు తుడుచుకున్నారు. నిష్పక్షపాతమంటే ఇలా ఉండాలన్నారు.

సదాశివం గారు చెడ్డవారు కారు. ఎవరినీ గట్టిగా కసిరి ఎరగరు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, సర్క్యులర్లు. పెళ్లి శుభలేఖ వచ్చినా అడుగున ఉన్న షరతులేమిటో అని వెతుక్కునే మనిషి. అలాంటి ఆయన చేతికి ఒక సోమవారం పొద్దున్న ప్రధాన కార్యాలయం వారి కొత్త సర్క్యులరు వచ్చింది. ఆయన అందర్నీ నిలబెట్టి చదివారు.

"బీమా అనగా సంభవించిన ఘటనకు పరిహారము. సంభవించని ఘటనకు ఎట్టి చెల్లింపు ఉండదు. నివారణ నిమిత్తము చేయబడిన వ్యయము, ఘటన సంభవించలేదనుటకు స్వయముగా సాక్ష్యము గావున, అట్టి క్లెయిములు తిరస్కరింపదగినవి."

చదివి కళ్లజోడు తీశారు. "ఏం తర్కమండీ ఇది. ఇన్నాళ్లూ మనకి తట్టలేదు చూడండి."

ఆ వారంలోనే తర్కం పనిలోకి దిగింది. పిఠాపురం నుంచి ఒకాయన కుక్కకాటు ఇంజెక్షన్ల బిల్లులు పంపాడు. "కుక్క కరిచిన మాట వాస్తవమే గాని రేబిస్ సోకినట్టు ఆధారాలు లేవు. సోకిన పిమ్మట తగు పత్రములతో దరఖాస్తు చేసుకొనవచ్చును" అని ఆయనకి జవాబు వెళ్లింది. చూలింతలకు వేసే ధనుర్వాతం ఇంజెక్షన్ల క్లెయిములు వీరవేణి తిప్పి పంపింది. ఆవిడకి అది తప్పనీ అనిపించలేదు, ఒప్పనీ అనిపించలేదు. సీటు పని సీటు చేసింది.

వారం తిరక్కుండా ఆ సర్క్యులరు ఆవిడ మీదికే వచ్చింది.

వీరవేణికి గుండెలో ఒక కవాటం పాడైపోతే, పాప పుట్టిన ఏడాదికి దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. ఆ ఆపరేషను ఖర్చు శుభంకరి వారే పెట్టుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంకో కాన్పు వస్తే ఆ గుండె తట్టుకోలేదని పెద్ద డాక్టర్లు గట్టిగా చెప్పారు. గర్భం రాకుండా అప్పట్లో లోపల అమర్చిన లూప్ గడువు తీరిపోతే ఆడవాళ్ల డాక్టరు రెహానా గారు దాన్ని తీసేశారు. రక్తం గడ్డకట్టకుండా వీరవేణి రోజూ మాత్ర మింగుతుంది కాబట్టి గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితంగా వేసే కాపర్-టీ పనికిరాదు, రక్తస్రావం ఆగదు. మామూలు గర్భనిరోధక మాత్రలు ఆ గుండెకి అసలే పనికిరావు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేద్దామంటే రక్తం మాత్ర ఆపాలి, అదీ ప్రమాదమే. మందు నింపిన లూప్ ఒక్కటే దారి. దాన్ని కూడా గుండె డాక్టరు పక్కనుండగా ప్రైవేటు పెద్దాసుపత్రిలోనే వెయ్యాలి. ఆ పెద్దాసుపత్రి బిల్లు వీరవేణి జీతానికీ, మోటార్లకి వైండింగ్ చుట్టే ఆవిడ భర్త దొరబాబు సంపాదనకీ అందేది కాదు. ఇలాంటి రోజు కోసమే కదా నెలనెలా జీతంలోంచి కోయించుకుంటున్నది అనుకుని వీరవేణి దరఖాస్తు పెట్టుకుంది.

దరఖాస్తు ఇన్‌వర్డులో ముద్ర వేయించుకుని, మేనేజరు గదిలోకి వెళ్లి, ఆయన చిన్న సంతకంతో బయటికొచ్చి, స్త్రీల సీటుకి చేరింది. వీరవేణి తన కాగితం తానే అందుకుని పరిశీలించింది. దరఖాస్తుదారు ప్రాణాపాయంలో ఉన్నందున సానుభూతితో పరిశీలించవచ్చునని నోటు రాసి పైకి పంపింది.

సదాశివం గారు పిలిపించారు.

"అమ్మా వీరవేణీ, ఈ నోటు రాసిందెవరు?"

"నేనేనండి."

"దరఖాస్తుదారు?"

"నేనేనండి."

"అందుకే సానుభూతి వచ్చింది. దరఖాస్తుదారు మీద నీకు జాలుండొచ్చు, తప్పులేదు. సీటుకి ఉండకూడదు. మళ్లీ రాసుకురా."

ఆవిడ మళ్లీ రాసింది. గర్భం సంభవించనందున క్లెయిము తిరస్కరించడమైనది, ఇట్లు, స్త్రీల సీటు. కింద సంతకం చేసింది. ఆ ఉత్తరం డిస్పాచ్ ద్వారా ఆవిడ టేబులుకే వస్తే, అందినట్టు ఇంకో సంతకం చేసింది. రెండో సంతకం చేసేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కుంది. కనీసం ఆ గది దగ్గరగా ఉంది.

అప్పీలుకి పెట్టుకుంది. అప్పీలు కమిటీలో ముగ్గురు. సదాశివం గారు అధ్యక్షులు. న్యాయ సలహాదారు లాయరు పుల్లయ్య గారు, వైద్య సలహాదారు డాక్టర్ కామరాజు గారు సభ్యులు. కామరాజు గారు రిటైరైన కంటి డాక్టరు. ఏ క్లెయిము వచ్చినా ముందు వెలుతుర్లో పెట్టి చూస్తారు. కమిటీ సమావేశానికి మినిట్సు రాయవలసింది సంబంధిత సీటు కాబట్టి, వీరవేణి తన అప్పీలు తనే సమర్పించి, పక్కన కుర్చీలో కూర్చుని కలం తెరిచింది.

పుల్లయ్య గారు గొంతు సవరించుకున్నారు. "గర్భం ఘటన. ఒప్పుకున్నాం. గర్భం రాకపోవడం ఘటన ఎలా అవుద్దండీ? ఈ నిమిషాన ఈ జిల్లాలో ఎంతమందికి గర్భం రాలేదో చూడండి. అందరికీ చెల్లించుకుంటూ పోతామా?"

"ఉదాహరణకి నాకే రాలేదు" అన్నారు కామరాజు గారు.

"రాసుకోమ్మా" అన్నారు సదాశివం గారు. వీరవేణి రాసుకుంది.

"అయితే మనం మనుషులం" అని సదాశివం గారు కొనసాగించారు. "ఉద్యోగినికి అన్యాయం జరక్కూడదు. నివారణ లేకపోతే గర్భం వచ్చేదని ఈ అమ్మాయి రుజువు చేస్తే, అప్పుడు నివారణ అవసరమేనని మనమూ ఒప్పుకుందాం."

"ఎలా రుజువు చేస్తారండీ?" అన్నారు కామరాజు గారు.

"నివారణ లేకుండా కొంతకాలం ఉండి చూడాలి. పరిశీలనా కాలం అందాం. ఓ మూణ్ణెల్లు. గర్భం వచ్చిందా, అవసరం రుజువైనట్టే, లూప్ ఖర్చు వెంటనే మంజూరు. రాలేదా, అవసరం లేదని రుజువైనట్టే. ఎటు తిరిగీ న్యాయం జరుగుద్ది."

పుల్లయ్య గారు టేబులు మీద చేత్తో తట్టారు. ఇంత సమతూకమైన తీర్పు తాను కోర్టులో కూడా చూడలేదన్నారు.

వీరవేణి కలం ఆపింది. "సార్, గర్భం వస్తే నేను బతకనండి. డాక్టరు గారు రాసిచ్చిన కాగితం మీ ముందే ఉందండి."

సదాశివం గారు ఆ కాగితం వైపు మర్యాదగా చూశారు. ఆయన మొహంలో నిజంగానే జాలి కనిపించింది.

"మరణం కూడా ఘటనేనమ్మా. దానికి చెల్లింపుంది. ఆ సీటు వేరే."

వీరవేణి ఆ మాట కూడా మినిట్సులో రాసింది. రాయకపోతే మర్నాడు రాయలేదని అడుగుతారు.

పరిశీలనా కాలం మొదలైంది. ఆఫీసు దృష్టిలో వీరవేణి ఒక ప్రయోగం. ఇంట్లో మాత్రం ఆవిడ ప్రాణభయంతో బతుకుతోంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే నిరోధ్ తొడుగులు దొరబాబు తెచ్చేవాడు గాని, ఈ గుండెకి అవొక్కటే నమ్ముకుంటే చాలదని డాక్టర్ రెహానా ముందే చెప్పారు. వీరవేణి పాపని మధ్యలో పడుకోబెట్టుకుని, మంచం అంచున ఒత్తిగిలి పడుకునేది. దొరబాబు మంచివాడు, మారు మాట్లాడకుండా వరండాలోకి చాప తీసుకెళ్లాడు. అక్కడ దోమలతో పడుతున్న బాధ మాత్రం రోజూ పొద్దున్నే చెప్పేవాడు.

ఆఫీసులో ప్యూను సూరప్పడు కూడా పలకరింపు మార్చేశాడు. "ఏవండీ స్త్రీల సీటుగారూ, ఏవన్నా విశేషమాండి?" అనేవాడు. సదాశివం గారు నేరుగా అడగరు. ఆవిడ టేబులు పక్కనుంచి వెళుతూ ఆగి, "ఏమ్మా, ఘటన ఏమైనా..." అని ఆపేసేవారు. ఆయనకి ఆతృతగా ఉంది. ఘటన సంభవిస్తే ఆ ఫైలు ప్రధాన కార్యాలయానికి నమూనాగా పంపుదామనుకున్నారు.

రెండో నెల చివర ఒకరోజు మధ్యాహ్నం, మసీదు సెంటర్లో కొన్న మిరపకాయ బజ్జీలు వికటించి వీరవేణికి టేబులు దగ్గరే వాంతయింది. అంతకు ముందే ఆవిడకి నెల తప్పింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకి తాను చెప్పుకోవడానికి కూడా భయపడి ఊరుకుంది. వాంతి చూసిన ఆఫీసు మాత్రం ఊరుకోలేదు. సూరప్పడు పరుగెత్తుకెళ్లి మేనేజరు గారికి చెప్పాడు. ఆవిడ మొహం తుడుచుకుని వచ్చేసరికి సదాశివం గారు కాజాల డబ్బా తెరిపించి అందరికీ పంచిపెట్టిస్తున్నారు.

"మొత్తానికి రుజువు చేశావమ్మా" అన్నారాయన. ఒక కాజా ఆవిడ చేతిలో పెట్టారు.

వీరవేణి కాజా చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.  పాప ఇంకా ఒకటో తరగతి కూడా దాటలేదు. తను పోతే దానికి జడ ఎవరు వేస్తారన్నది ఒక్కటే ఆవిడకి తోచింది. దొరబాబు షాపుకి ఫోన్ చేసి, ఆటో ఎక్కి, డాక్టర్ రెహానా దగ్గరికి వెళ్లింది.

పరీక్ష చేశారు. గర్భం లేదు. భయానికే నెల తప్పిందనీ, వాంతి బజ్జీలదేననీ డాక్టరు చెప్పారు. వీరవేణి కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. పక్కనే ఉన్న దొరబాబు కూడా కళ్లు ఒత్తుకున్నాడు.

డాక్టర్ రెహానాకి ఓపిక నశించింది. "ఈ ఆఫీసులూ ఫైళ్లూ ఎన్నాళ్లు దొరబాబుగారూ? మీరే చేయించుకోండి. మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషను, గవర్నమెంటాసుపత్రిలో ఉచితం. కాసేపట్లో అయిపోద్ది. ఆవిడకి ఏం చెయ్యాలన్నా ప్రమాదమే, మీకు ఏ ప్రమాదమూ లేదు."

దొరబాబు తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"వైండింగ్ కాలినట్టుందండి" అన్నాడు. "శబ్దం వస్తంది."

మర్నాడు సదాశివం గారు పరీక్ష ఫలితం చదివి ఆ కాగితం బోర్లించారు. ఆవిడ ద్రోహం చేసినంత బాధ ఆ మొహంలో కనిపించింది. చివరికి నిట్టూర్చారు. "సరేనమ్మా. రాలేదంటే అవసరం లేదనే కదా రుజువైంది. ఇంకా గడువుంది గాని ఇంత స్పష్టమైన ఫలితం వచ్చాక ఆగడమెందుకు. ఫైలు మూసేస్తూ నోటు పెట్టు."

వీరవేణి సీట్లో కూర్చుంది. చాలా ఏళ్ల నుంచి ఆవిడ కోపాన్ని ఇంట్లో దాచి ఆఫీసుకొచ్చేది. ఆ రోజు దాచలేదు. తెల్లకాగితం తీసి, ఫైలు మూసే నోటుకి బదులు ఇంకో నోటు రాయడం మొదలుపెట్టింది.

ఆ ఆఫీసులో అందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. నోటు మొదటి వాక్యం "ఈ ప్రతిపాదన వల్ల సంస్థకు అగు వ్యయము శూన్యము" అయితే, సదాశివం గారు రెండో వాక్యం దాకా వెళ్లరు, సంతకం పెట్టేస్తారు. మరణాల సీటుకి మంచి ఫ్యాను దొరికింది ఆ దారినే. వీరవేణి ఎన్నడూ ఆ దారి తొక్కలేదు. ఆ రోజు తొక్కింది.

మొదటి వాక్యం తరువాత ఇలా రాసింది. స్త్రీల గర్భనిరోధక క్లెయిములు సంస్థకు తలనొప్పిగా పరిణమించినవి. పురుషుల ఆపరేషను సులభము, నిరపాయము, ప్రభుత్వాసుపత్రియందు ఉచితము. కావున భార్య క్లెయిము పరిశీలించుటకు ముందు భర్త ఆపరేషను ధ్రువపత్రము జతచేయుట తప్పనిసరి చేయవచ్చును. పాలసీదారులకు ఆదర్శముగా ఉండుటకై మన కార్యాలయముననే ఒక శనివారము శిబిరము నిర్వహించి, అధికారులు, కమిటీ సభ్యులు ముందుగా ఆపరేషను చేయించుకొనదగును. ప్రధాన కార్యాలయము వారి అనుమతి నిమిత్తము సమర్పించడమైనది.

సదాశివం గారు మొదటి వాక్యం చదివారు. సంతకం పెట్టారు.

ప్రధాన కార్యాలయం ఏ కాగితానికైనా జవాబివ్వడానికి ఒక ఋతువు తీసుకుంటుంది. వ్యయము శూన్యము అన్న ముక్క చూసి ఆ వారంలోనే ఇచ్చింది. ప్రశంసాపత్రం కూడా జతచేసింది. ఉత్తరం అందిన రోజు సదాశివం గారు ఎప్పటిలాగే అందర్నీ నిలబెట్టి గట్టిగా చదవడం మొదలుపెట్టారు. ప్రశంసలున్నంత వరకు గొంతు ఖంగుమంది. తరువాత నెమ్మదించింది.

"...రాబోవు శనివారము శిబిరమునందు ప్రాంతీయ మేనేజరు వారు ప్రథమముగా, తదుపరి న్యాయ, వైద్య సలహాదారులు చేయించుకొనవలెను. వయోపరిమితి మినహాయింపు లేదు. శిబిరానంతరము ప్రాంతీయ మేనేజరు వారి ఛాయాచిత్రము పత్రికలకు పంపవలెను."

చివరి మాటలు ఆయన లోపలే చదువుకున్నారు. అంతమంది ముందు ఆయన పెదాలు కదలడం మాత్రం కనిపించింది.

ఆ సాయంత్రమే అప్పీలు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. పుల్లయ్య గారు కోర్టు వాయిదా వదిలేసి వచ్చారు. కామరాజు గారు గుండె మీద చెయ్యి పెట్టుకుని వచ్చారు. వీరవేణి కలం తెరిచింది.

"నాకు డెబ్బై దాటాయండి" అన్నారు కామరాజు గారు. "నావల్ల ఏ ఘటన సంభవిస్తాదని?"

"మినహాయింపు లేదన్నారు కదండీ" అన్నారు సదాశివం గారు నీరసంగా. "మగవాడికి అసలా ఆపరేషను ఎంత ప్రమాదమో మీరు వైద్యపరంగా చెప్పండి."

"నేను కంటి డాక్టర్నండి."

అందరూ పుల్లయ్య గారి వైపు చూశారు. ఆయన కండువాతో నుదురు తుడుచుకుని నింపాదిగా మొదలుపెట్టారు. "సర్క్యులరు మళ్లీ చదివానండి. గర్భం రాకపోవడం ఘటన కాదని అందులో ఎక్కడా లేదు. ఆలోచిస్తే అదే అసలైన ఘటన. గర్భం వస్తే ఒక్కసారే వస్తాది. రాకపోవడం క్షణక్షణమూ సంభవిస్తానే ఉంటాది. ఇంతకన్నా పెద్ద ఘటన ఏముంటాదండీ?"

"నిరంతర ఘటన" అన్నారు సదాశివం గారు. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "రాసుకోమ్మా. నిరంతర ఘటన గావున, స్త్రీల గర్భనిరోధక వ్యయమునకు చెల్లింపు ఉండును. స్త్రీలకు రక్షణ కల్పించినందున పురుషుల శిబిరము అనవసరము. వీరవేణి క్లెయిము తక్షణం మంజూరు."

"మిగతా ఆడవాళ్ల క్లెయిములండీ?" అంది వీరవేణి.

"అందరివీ ఇచ్చెయ్యమ్మా. ఒక్కటీ ఆపకు. శనివారం లోపల ఇచ్చెయ్."

"ఆ కుక్క కరిచినాయన?"

సదాశివం గారు ఆలోచించారు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుక్కల విషయంలో వారికేమీ ఇబ్బంది ఉన్నట్టు కనిపించలేదు.

"ఆయనకి ఘటన ఇంకా సంభవించలేదమ్మా" అన్నారు.

ఇన్నాళ్లూ కదలని ఫైలు ఆ సాయంత్రం ఎవరి టేబులు దగ్గరా ఆగకుండా వెళ్లింది. శుక్రవారం పెద్దాసుపత్రిలో, గుండె డాక్టరు పక్కనుండగా, డాక్టర్ రెహానా వీరవేణికి మందు లూప్ వేశారు. ఏ ఇబ్బందీ లేదు, ఇక నిశ్చింతగా ఉండమన్నారు. వీరవేణి ఆటోలో కూర్చుని గట్టిగా ఊపిరి తీసుకుంది. ఆ కొత్త కవాటం చప్పుడు చెవుల్లో వినిపించింది. ఇంటికెళ్లి పాపకి రెండు జడలు వేసింది, రిబ్బన్లు కూడా కట్టింది.

దొరబాబు షాపు మూసి వచ్చాడు. ఆవిడ అన్నం పెడుతూ మొత్తం చెప్పింది. శిబిరం సంగతి చెప్పినప్పుడు దొరబాబు నవ్వలేదు. చివరిదాకా విన్నాడు. తరువాత గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలి, గోడకి ఆనుకున్నాడు.

"హమ్మయ్య. అయితే నేనింక గవర్నమెంటాసుపత్రికి వెళ్లక్కర్లేదన్నమాట."

వీరవేణి చేతిలో గరిటె ఆగింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"నేను చచ్చిపోతానని డాక్టర్లు చెప్పినప్పుడు కూడా మీరింత భయపళ్లేదండి."

  దొరబాబు కంచంలోకి తలొంచుకుని నాలుగు ముద్దలు తిన్నాక, పప్పు చాలా బాగా కుదిరిందన్నాడు. ఆ పూట ఆవిడ వండింది చేపల పులుసు.